పందెం ముందు బావ పళ్లెం

మా రెండో అక్క మొగుడు పుదుచ్చేరి ప్రభుత్వంలో సూపరింటెండెంటు. సొంతూరు యానాం. మధ్యలో ఎనిమిది వందల పైచిలుకు కిలోమీటర్లున్నా ప్రభుత్వం ఒకటే కాబట్టి, యానాం వాళ్లు ట్రాన్స్‌ఫర్ మీద ఇక్కడికొచ్చి ఇల్లు కట్టుకుని ఉండిపోవడం కొత్తేమీ కాదు. అలా ఉండిపోయినవాళ్లలో కొందరు భజనల్లో పడతారు, కొందరు చిట్టీల్లో పడతారు. మా బావ సైకిల్లో పడ్డాడు. ఇంకా సరిగ్గా చెప్పాలంటే, సైకిలెక్కే ముందు ఏం తినాలన్న మీమాంసలో పడ్డాడు. ఈ రకం మనిషి మీకూ తెలిసే ఉంటాడు. కొబ్బరికాయ కొట్టకముందే ప్రసాదం గురించి అడిగే రకం.

ఆయన తొక్కేది బ్రెవే. 200 కిలోమీటర్లు 13 గంటల 30 నిమిషాల్లో పూర్తిచేసి, దారిలో చెప్పిన చోటల్లా కార్డు మీద ముద్ర వేయించుకుని వస్తే చాలు. పారిస్‌లోని ఆడాక్స్ క్లబ్బు నియమం ప్రకారం ముందొచ్చినవాడికీ ఆఖర్న వచ్చినవాడికీ ఒకటే లెక్క, ర్యాంకుల్లేవు. పుదుచ్చేరి నుంచి ఈస్ట్ కోస్ట్ రోడ్డు మీద మహాబలిపురం దాకా పోయి వస్తే ఇంచుమించు సరిపోతుంది. గంటకి పదిహేను కిలోమీటర్లంటే మా వీధిలో పాలు పోసే కుర్రాడి వేగం. బావ మాత్రం దాన్ని పందెమనే అంటాడు. పందెం కాకపోతే పందెం తిండి ఎలా తింటాడు?

ప్రాక్టీసు బీచ్ రోడ్డులో. సాయంత్రం 6 నుంచి మర్నాడు పొద్దున 7:30 దాకా అక్కడికి మోటారు బళ్లని రానివ్వరు కాబట్టి దేశంలో ఇంతకన్నా మంచి ట్రాకు లేదంటాడు. గాంధీ బొమ్మ దగ్గర మొదలెట్టి రెండు చుట్లు తిరుగుతాడు. ఆ తర్వాత నెహ్రూ వీధిలో ఇండియన్ కాఫీ హౌస్‌లో కూర్చుని, ఆ రెండు చుట్లకీ ఎంత ఖర్చయిందో, దాన్ని ఏ రూపంలో పూడ్చాలో ఆలోచిస్తాడు. ఆలోచన అంతా దోసె రూపంలోనే తేలుతుంది.

అసలు భాగవతం పందెం రోజు తెల్లవారుజామున. పందేనికి గంట ముందయితే కిలో బరువుకి 1 గ్రాము పిండిపదార్థం, 4 గంటల ముందయితే కిలోకి 4 గ్రాముల దాకా తినొచ్చని క్రీడాకారుల తిండి చూసే నిపుణులు చెబుతారు. లెక్క మంచిదే. బావకి అందులో 4 గ్రాములు నచ్చాయి, 4 గంటల ముందు లేవడం నచ్చలేదు. ఆయన బరువు 78 కిలోలు. నాలుగుతో గుణిస్తే 312 గ్రాములు. ఇడ్లీకి 12 గ్రాములు వేసుకున్నా 26 ఇడ్లీలు. అయిదింటికి బయల్దేరాల్సిన మనిషి నాలుగింటికి వంటింట్లో గ్రాముల త్రాసు ముందు కూర్చుంటాడు. అక్క రేకులోంచి తీసిన ఇడ్లీని పొగలు పోకుండానే త్రాసు మీద పెడతాడు. అంకె నిలబడేదాకా ఊపిరి బిగబడతాడు. పాల లెక్క రాసే క్యాలెండర్ మీద, ఆ తేదీ గడిలోనే, పెన్సిల్‌తో రాసుకుంటాడు. చట్నీ బరువు రాయడు. నెయ్యి సంగతి అడక్కూడదు.

పీచు ఎక్కువైతే పొట్ట బరువని ఎవరో చెప్పారట. అందుకని సాంబార్లో ములక్కాడలన్నీ ఏరి నా కంచంలో వేస్తాడు. ముందురోజు రాత్రి అక్క గోంగూర పప్పు చేస్తే, శత్రువులు ఇంట్లోనే ఉన్నారన్నట్టు చూస్తాడు. చూసి, రెండుసార్లు కలుపుకుంటాడు.

"శరీరంలో చోటుంటుందిరా బామ్మర్దీ, అది నింపాలి" అంటాడు. చోటున్నమాట నిజమే. కండరాల్లో, కాలేయంలో కలిపి గ్లైకోజెన్ రూపంలో మనం దాచుకునేది అర కిలోకి అటూ ఇటూ. గట్టిగా తొక్కితే ఒకటిన్నర, రెండు గంటల్లో అడుగంటుతుంది. 1960ల్లో స్వీడన్ పరిశోధకులు మనుషుల తొడ కండలోంచి సూదితో ముక్కలు తీసి మరీ చూశారు. ముందు రెండు మూడు రోజులు అన్నం, రొట్టె లాంటివి దండిగా తింటే ఆ నిల్వ పెరుగుతుందని తేల్చారు. వాళ్లు చెప్పింది రెండు మూడు రోజులు. ఫిబ్రవరిలో బ్రెవే ఉంటే మా బావ సంక్రాంతి నుంచే నింపడం మొదలెడతాడు.

సంక్రాంతి అంటే గుర్తొచ్చింది. గోదావరి జిల్లాల్లో పందెం కోడికి బాదంపప్పు, ఉడికించిన గుడ్లు, మటన్ కీమా పెట్టి నెలల తరబడి మేపుతారు. మా అక్క ఆ వైపు పిల్లే కాబట్టి పోలిక వెంటనే తట్టింది. "పుంజుకి పెట్టినట్టు పెడుతున్నాన్రా. పుంజు ఓడిపోతే కనీసం కూర వండుకోవచ్చు. ఈయన్నేం చేసుకోను?" అంది. బావ నొచ్చుకోలేదు. కీమా సంగతి మాత్రం వివరంగా అడిగాడు.

ఏటా ఒక కొత్త పిచ్చి. పందెం రోజున కొత్త తిండి జోలికి పోకూడదన్నది సైకిలువాళ్ల మొదటి సూత్రం. బావ ఆ సూత్రాన్ని కొత్తవాళ్లకి చెబుతూ కొత్తది తింటుంటాడు. ఒక ఏడాది చద్దన్నం. ఒక ఏడాది మిరియాల పొంగల్. నేతి పుణ్యమా అని కాలాపట్టు దాటకముందే ఆవలింతలు. ఇంకో ఏడాది బీట్‌రూట్ రసం. అందులోని నైట్రేట్ల వల్ల తక్కువ ఆక్సిజన్‌తో ఎక్కువ పని జరుగుతుందని 2009లో ఇంగ్లండులోని ఎక్సెటర్ విశ్వవిద్యాలయం వాళ్లు చూపించారు. వాళ్లు అరలీటరు తాగించారు, ఈయన జగ్గు ఎత్తాడు. మర్నాడు బాత్రూంలోంచి కేక. అక్క ఏడుస్తూ నాకు ఫోను. ఆటోలో ఆస్పత్రికి పరిగెత్తాం. డాక్టరు "నిన్న బీట్‌రూట్ ఏమైనా తిన్నారా?" అని అడిగిన ఒక్క ప్రశ్నకి ఆ రోజు ఫీజు.

వీటన్నిటికీ ఆజ్యం పోసేది పక్కింటి తాత. ఫ్రెంచి సైన్యంలో పనిచేసి పెన్షను మీద బతుకుతున్న పెద్దాయన, జులై వస్తే టూర్ ద ఫ్రాన్స్ చూడనిదే మంచినీళ్లు ముట్టడు. 1903లో మొదటి టూర్ గెలిచిన మోరిస్ గారాఁ అంతకుముందు పారిస్‌లో ఒక 24 గంటల పోటీలో 19 లీటర్ల వేడి చాక్లెట్టు, 45 మాంసపు కట్లెట్లు, 8 గుడ్లు, ఇంకా ఆల్చిప్పలూ లాగించాడని చెప్పుకునే కథ బావకి ఎక్కించింది ఈయనే. మా అక్క ఏమన్నా అంటే బావ 45 కట్లెట్లు చూపిస్తాడు. వాటి ముందు 26 ఇడ్లీలు ఉపవాసం కింద లెక్క.

పారీ-బ్రెస్త్ కథ చెప్పింది కూడా తాతే. పారిస్ నుంచి బ్రెస్త్ దాకా వెళ్లి తిరిగొచ్చే 1200 కిలోమీటర్ల సైకిలు పందెం 1891లో మొదలైంది. ఇప్పుడది నాలుగేళ్లకోసారి, 90 గంటల గడువుతో జరుగుతుంది. ఆ పందెం పేరు మీద 1910లో లూయీ దురాఁ అనే మిఠాయివాడు చక్రం ఆకారంలో ఒక కేకు చేశాడు, మధ్యలో గింజల క్రీము దట్టించి. వెన్న, క్రీము నిండిన పదార్థం సైకిలెక్కే ముందు తినకూడదని ఏ నిపుణుణ్నడిగినా చెబుతాడు. బావని అడిగితే, సైకిలు పందెం కోసమే పుట్టిన తిండి ప్రపంచంలో ఇదొక్కటే, తినకపోతే తప్పంటాడు. వైట్ టౌన్‌లో ఫ్రెంచి బేకరీలున్న ఊళ్లో ఇలాంటి మనిషిని ఎవరాపగలరు?

తిట్టాల్సింది తిట్టాను కాబట్టి ఇదీ చెప్పాలి. కిందటి బ్రెవేలో, మరక్కాణం ఉప్పుమళ్ల దగ్గర, లక్షల ఖరీదు సైకిలున్న ఒక ఐటీ కుర్రాడు రోడ్డు పక్కన కూలబడి ఉన్నాడు. చెయ్యి వణుకుతోంది, చెమటలు, పలకరిస్తే విసుక్కుంటున్నాడు. పొద్దున ఒట్టి కాఫీతో బయల్దేరాడట, కొవ్వు కరగాలని. జనం పంపు తీశారు, స్పానరు తీశారు. బావ ముఖం చూసి రోగం పట్టేశాడు. చక్కెర పడిపోయిన మనిషి వాలకం ఆయనకి తెలిసినట్టు ఎవరికీ తెలియదు. జేబులోంచి ఒక చక్కెరకేళి, రెండు తాపేశ్వరం కాజాలు, ఉప్పేసిన నీళ్లు తీశాడు. పావుగంట పక్కనే కూర్చుని, కొంచెం కొంచెంగా తినిపించాడు. గడువు కరిగిపోతున్నా లేవలేదు. "తిననోడు తొక్కలేడండి, ఆయ్!" అన్నాడు. కుర్రాడు లేచి, బావని దాటుకుని వెళ్లిపోయి, గంటన్నర ముందు ముగించాడు. బావ గడువుకి పదకొండు నిమిషాల ముందు వచ్చాడు. వస్తూనే, ఇప్పుడు కండరాలు కోలుకోవాలి కాబట్టి బిర్యానీ తినాలన్నాడు. నేను సైకిలు తొక్కను. ఆ బిర్యానీకి మాత్రం ఎప్పుడూ తోడు వెళ్తాను. ఆ 26 ఇడ్లీల్లో మిగిలినవి పొద్దున్నే ఖాళీ చేసేదీ నేనే.

కాకినాడ నుంచి సర్కార్ ఎక్స్‌ప్రెస్ ఎక్కి పుదుచ్చేరి వచ్చే యానాం వాళ్లందరికీ ఒక మనవి. మా బావ ఫోను చేసి కాజాలో, పూతరేకులో, చక్కెరకేళి గెలో తెమ్మంటే సరేననండి, తెండి. ఆయనకి మాత్రం ఇవ్వకండి. షుగరు టెస్టు రిపోర్టు వచ్చేదాకా అక్క వద్దంది. మా ఇంట్లో ఇచ్చేయండి, నా షుగరు బాగానే ఉంది.