ఇల్లరికం, వయా నానక్‌రామ్‌గూడ

పూర్వం ఇల్లరికపు అల్లుడు మామగారి అరుగు మీద కనిపించేవాడు. ఇప్పుడు అమెరికాలో ఉంటున్నాడు, పెళ్లాం హెచ్‌-1బీ వీసా మీద. ఇతనిది హెచ్‌-4. అంటే డిపెండెంట్. ఆ మాట మాత్రం చచ్చినా అనడు. “కెరీర్‌లో చిన్న బ్రేక్ తీసుకున్నానండీ” అంటాడు.

వెళ్లేముందు ఇతని హడావుడి చూసి తీరాలి. చిలుకూరు బాలాజీ గుళ్లో 11 ప్రదక్షిణలు మొదలుపెట్టి, ఏడోదో ఎనిమిదోదో తేలక మళ్లీ ఒకటి నుంచి అందుకుంటాడు. డీఎస్‌-160 వీసా ఫారంలో ఉద్యోగం గడి దగ్గర ఆలోచనలో పడతాడు. 20 నిమిషాలు ఉలుకూపలుకూ లేకపోతే ఆ ఫారం దానంతటదే మూసుకుంటుంది. మళ్లీ లాగిన్. ఇంటర్వ్యూ రోజు పెళ్లి ఆల్బమ్ చంకలో పెట్టుకుని నానక్‌రామ్‌గూడ అమెరికా కాన్సులేటు ముందు నిలబడతాడు. జీలకర్ర-బెల్లం పేజీకి గుర్తుగా పసుపుదారం కూడా! లోపలి ఆఫీసరమ్మ ఆల్బమ్ వంకైనా చూడదు. “మీ ఆవిడ జీతమెంత?” అంటుంది. పెళ్లిచూపుల్లో అటువైపు వాళ్లు ఇతన్ని అడిగిన ప్రశ్నే.

అక్కడ దిగాక చదువుకోవచ్చు, కారు నడపొచ్చు, పప్పు తాలింపు పెట్టొచ్చు. ఉద్యోగం మాత్రం కూడదు. భార్య గ్రీన్‌కార్డు బాటలో ఐ-140 దరఖాస్తు మంజూరైతే ఇతనికీ ఈఏడీ అనే పని అనుమతి దొరుకుతుంది. 2015 మే నుంచి ఈ వెసులుబాటు ఉంది. అందుకే ఒకప్పుడు లేస్తూనే ఐపీఎల్ స్కోరు అడిగిన నోటితో ఇప్పుడు “మీ లాయరేమన్నాడే?” అంటున్నాడు. శనివారం విందుల్లో మగాళ్లు గరాజ్‌లో చేరి షేర్ల గురించి మాట్లాడుకుంటారు. ఈఏడీ కబుర్లన్నీ వంటింట్లో, ఆడవాళ్ల మధ్య. ఇతను పకోడీల పళ్లెం వంకతో వంటింట్లోనే తచ్చాడుతుంటాడు.

ఇక్కడ వాళ్లమ్మ కళ్లొత్తుకుంటోంది. “ఎమ్‌టెక్ చదివి గిన్నెలు తోముతున్నాడమ్మా నా కొడుకు!” (డిష్‌వాషర్ ఉంది. చేత్తో కడిగిన గిన్నెలు అందులో ఆరబెట్టుకోవడం మనవాళ్ల ఆచారం.) ఆవిడ కూతురిదీ ఎమ్‌టెక్కే. ఆరేళ్లు డాలస్ దగ్గర హెచ్‌-4 మీద అవే గిన్నెలు తోమింది. “మా అమ్మాయి అమెరికాలో మహారాణిలా ఉంది” అని వీధంతా చాటింది ఈవిడే.

ఆ చెల్లెలికి రాఖీ పండక్కి తప్ప ఫోన్ చెయ్యని మనిషి, ఇప్పుడు రోజూ చేస్తున్నాడు. మొదట్లో కందిపప్పుకి ఎన్ని విజిల్సని అడిగేవాడు. ఈమధ్య గొంతు తగ్గించి, “పగలంతా ఎలా గడిపేదానివే?” అని మెసేజ్ పెట్టాడట.

ఆ అమ్మాయికి పోయిన నెలలోనే ఈఏడీ వచ్చింది. ఉద్యోగంలో చేరింది. ఫోనెత్తే తీరిక లేదు.