రాణిగారి క్రమబద్ధీకరణ దరఖాస్తు

మొత్తానికి మన పురపాలకులకు ఒక అక్రమ కట్టడం దొరికింది. చెరువులో కాదు లెండి, నాలా మీద అంతకన్నా కాదు. పాత ఇళ్ల పెరళ్లలో. ఈ వారం గేట్లకు అంటించిపోయిన నోటీసు మీరూ చూసే ఉంటారు. చూడకపోతే కాలనీ వాట్సాప్ గ్రూపులో ఎవరో ఒకరు పెట్టే ఉంటారు. నివాస ప్రాంతాల్లోని తేనెపట్లు, తేనెపెట్టెలు అనుమతి లేని కట్టడాల కిందికి వస్తాయట. వారంలోగా తీసేయాలట. లేదంటే వాళ్లే వచ్చి మందు కొట్టి తీసేస్తారట, ఆ ఖర్చు మన ఇంటి పన్నులో కలుపుతారట.

చాలామంది మండిపడ్డారు. నాకు మాత్రం ముచ్చటేసింది. అనుమతి లేని కట్టడం అన్నారంటే అనుమతి తెచ్చుకునే దారి కూడా ఎక్కడో ఉండే ఉంటుందిగా! అందుకని మా పెరట్లో కాపురముంటున్న రాణి ఈగ తరఫున దరఖాస్తు నింపడానికి కూర్చున్నాను.

కాపురం పూర్వాపరాలు క్లుప్తంగా మనవి చేస్తాను. మాది పాత పెంకుటిల్లు. ఉగాదికి సున్నాలేయించి, కారేచోట పెంకు మార్పిద్దామని మేస్త్రిని పిలిస్తే ఆయన పడమటి గోడకు చెవి ఆనించి, "సార్, లోపల సంసారం ఉంది" అన్నాడు. మట్టిగోడకూ దర్వాజాకూ మధ్య సందులో పుట్ట తేనెటీగలు పట్టు పెట్టాయి. తేనెటీగలు పెంచే కుర్రాణ్ణి రప్పిస్తే అతను పట్టు ముక్కలు కోసి, అరటినారతో చెక్క చట్రాలకు కట్టి, రాణిని పెట్టెలోకి మార్చాడు. మిగతావన్నీ రాణి వెంట నడిచాయి. గోడ బాగుపడింది, పెట్టె జామచెట్టు కింద చేరింది. కట్టడమంటే ఇదే.

దరఖాస్తులో మొదటి గడి యజమాని పేరు. రాణి అని రాశాను. హక్కు పత్రం దగ్గర చిక్కొచ్చి పడింది. పూలకాలం వచ్చి పెట్టె కిక్కిరిసేసరికి ఈ జాతి ఏం చేస్తుందంటే, పాత రాణి దాదాపు సగం బలగాన్ని వెంటేసుకుని గూడు వదిలి వెళ్లిపోతుంది. కట్టిన ఇల్లు, నిండిన కొట్టు కూతురిపరం. గిఫ్ట్ డీడ్ లేదు, స్టాంపు డ్యూటీ లేదు, మ్యుటేషన్ లేదు. అన్నదమ్ములు కోర్టుకెక్కరు. తల్లి ఆస్తి కూతురికి ఇంత నిశ్శబ్దంగా చేతులు మారుతోందని రిజిస్ట్రేషన్ శాఖకు తెలిస్తే ఏమైపోతుందోనని ఆ గడి ఖాళీగా వదిలేశాను.

విస్తీర్ణం దగ్గర కాస్త ధైర్యం వచ్చింది. 2020లో తెచ్చిన భవన అనుమతుల విధానం టీఎస్ బీపాస్ ప్రకారం 75 గజాల లోపు స్థలంలో చిన్న ఇల్లు కట్టుకుంటే అనుమతే అక్కర్లేదు, ఒక్క రూపాయి కట్టి నమోదు చేసుకుంటే చాలు. మా పెట్టె పావు గజం కూడా లేదు. రూపాయి బిళ్ల జేబులో వేసుకుని మున్సిపల్ ఆఫీసుకు వెళ్లాను. కౌంటర్‌లో కూర్చున్నాయన తల అడ్డంగా ఊపాడు. అందులో తేనె నిల్వ చేస్తారు కాబట్టి గోదాము కిందికి వస్తుంది, గోదాము అంటే వాణిజ్యం, వాణిజ్యమంటే ట్రేడ్ లైసెన్సు. తేనె వాళ్లు తినడానికే దాచుకుంటారండీ అన్నాను. మరి మీరు తియ్యరా అన్నాడు. నిజమే, తీస్తాను. ఆ మాటకొస్తే ఇంటి యజమానినైన నేనే ఇక్కడ మామూళ్లు వసూలు చేసేవాణ్ణి.

ప్లాను సంగతి మరీ ఘోరం. అన్నీ ఆరుపలకల గదులే. నాలుగు వైపులా వదలాల్సిన సెట్‌బ్యాక్ సున్నా. ప్రతి గోడా పక్కింటి గోడే. ఈశాన్యం ఎక్కడో ఏ వాస్తు సిద్ధాంతీ చెప్పలేడు. మగ ఈగల గదులు కాస్త పెద్దవి, కాబోయే రాణి గది మాత్రం పట్టు అంచున వేరుశనగ కాయలా కిందికి వేలాడుతుంది. దాన్ని బాల్కనీ అనాలో, రోడ్డు మీదికి చొచ్చుకొచ్చిన నిర్మాణం అనాలో ఇంజినీరుకే అర్థం కాలేదు. చిమ్మచీకట్లో, టేపు పెట్టకుండా కట్టారని చెబితే, లైసెన్సున్నవాడి సంతకం లేకుండా చెల్లదన్నాడు.

కట్టడానికి వాడిన సామగ్రి రాయమన్నారు. మైనం అని రాశాను. ఎక్కడ కొన్నారు? కొనలేదండీ, పడుచు ఈగల పొట్టకింది గ్రంథుల్లోంచి పలకలు పలకలుగా ఊరుతుంది, వాళ్లే నమిలి మెత్తజేసి గోడలు పెడతారు. ఇసుక లేదా? లేదు. సిమెంటు? లేదు. టెండరు? కాంట్రాక్టరు? ఎవరూ లేరు. ఆయన కలం కింద పెట్టేసి నా వంక అదోలా చూశాడు. ఇసుక లారీ కదలకుండా, కాంట్రాక్టరు బిల్లు పెట్టకుండా, ఎవరి చేతికీ శాతం అందకుండా ఈ పట్టణంలో ఒక కట్టడం లేచిందంటే అంతకు మించిన అక్రమం ఏముంటుంది?

గాలి వెలుతురు? వెలుతురు లేదు కానీ గాలికి లోటు లేదు. ఎండ ముదిరితే నీళ్లు మోసుకొచ్చి లోపల చిలకరిస్తారు, గుమ్మం దగ్గర వరసగా నిలబడి రెక్కలతో విసురుతారు. పిల్లలున్న గదులు 34, 35 డిగ్రీలు దాటనివ్వరు. కరెంటు బిల్లు జతచేయమన్నారు. లేదని రాశాను.

కార్మికుల వివరాలు: అందరూ ఆడవాళ్లే. పని కాలంలో ఒక్కొక్కరి ఆయుష్షు సుమారు ఆరు వారాలు. పీఎఫ్ కత్తిరింపు లేదు. మగ ఈగల పని తినడం, కూర్చోవడం, పెళ్లి మాటొస్తే ఎగరడం. పూలు తగ్గి కరువొస్తే ఆడవాళ్లే వాళ్లను గుమ్మం బయటికి నెట్టేస్తారు. ఈ చివరి సంగతి దరఖాస్తులో చేర్చలేదు. పాలకవర్గంలో కొందరు మనసుకు తీసుకుంటారు.

ఇక అసలు నేరం. చీమలెక్కకుండా పెట్టె స్టాండు నాలుగు కాళ్ల కింద నాలుగు నీళ్ల గిన్నెలు పెట్టాను. తనిఖీకి వచ్చిన కుర్రాడు వంగి చూసి గబగబా రాసుకున్నాడు: కట్టడం నీటి వనరులో ఉంది. నిండు నీటిమట్టం (ఎఫ్‌టీఎల్) పరిధిలో ఉంది. బఫర్ జోన్ అసలే లేదు.

అయితే బీఆర్ఎస్ కింద రుసుం కట్టుకుంటాం అన్నాను. రాజకీయం అంటగట్టకండి. పార్టీకి ఆ పేరు 2022లో వచ్చింది, నేనంటున్నది 2015లో తెచ్చిన భవనాల క్రమబద్ధీకరణ పథకం. మనుషుల దరఖాస్తులే కోర్టులో ఇరుక్కుని ఏళ్లు గడిచాయి, ఆరు వారాలు బతికే ప్రాణికి ఏం వరస వస్తుందని కౌంటర్ ఆయనే నన్ను ఓదార్చాడు.

నీళ్ల ట్యాంకులకూ అపార్టుమెంటు సజ్జలకూ వేలాడే కొండ తేనెటీగల పట్లు వేరే సంగతి. వాటిని రేపితే ప్రాణాలు పోతాయి, తెలిసినవాళ్ల చేత జాగ్రత్తగా తీయించాల్సిందే. ఆ జాతికీ చీకటి సందుల్లో పెట్టెల్లో ఉండే పుట్ట ఈగకూ తేడా తెలియనివాళ్లు నోటీసు రాశారు. తేడా అడగాలని కూడా వాళ్లకు తోచలేదు.

ఇక్కడితో నాకు నవ్వు అయిపోయింది.

మొన్న సాయంత్రం వెనక వీధిలో ఒకరింట, గడువు ఇంకా ఉండగానే, మందు కొట్టారు. వెళ్లి చూశాను. పెట్టె ముందు నాపరాళ్ల మీద ఈగలు గుట్టగా పడి ఉన్నాయి. నాలుకలు బయటికొచ్చి, రెక్కలు ఎడమై, ఇంకా చావనివి వెల్లకిలా గిరగిరా తిరుగుతున్నాయి. కొన్నింటి కాళ్లకు పుప్పొడి ముద్దలు అలాగే అంటుకుని ఉన్నాయి, వేపపూత నుంచి అప్పుడే వచ్చినవి కాబోలు. ఆ ఇంటావిడ ఇప్పుడు తెల్లవారుజామునే లేచి గుమ్మడి మగపువ్వు తుంచి ఆడపువ్వుల్లో అద్దుతోంది. ఎండెక్కేసరికి ఆ పూలు ముడుచుకుంటాయి. ఆమె చెయ్యి అందని పిందెలు పసుపుబారి రాలుతున్నాయి. ఆవిడ వయసుకు ఆ పని నడుం విరిచేదే. అదంతా ఇన్నాళ్లూ ఎవరో జీతం అడక్కుండా చేసిపెట్టారు.

తేనెటీగల పెంపకానికని 500 కోట్లు ప్రకటించింది ఇదే దేశం, 2020లో. అదే ఏడాది డిసెంబరులో సెంటర్ ఫర్ సైన్స్ అండ్ ఎన్విరాన్‌మెంట్ 13 బ్రాండ్ల తేనె నమూనాలు 22 పరీక్ష చేయిస్తే అన్ని పరీక్షలూ నెగ్గినవి ఐదే. మిగతా సీసాల్లో చక్కెర పాకం ఎవరు పోశారో, వాళ్ల గోడలకు ఏ నోటీసు అంటించారో నేను చూడలేదు. మే 20న తేనెటీగల దినోత్సవమని వేదికలెక్కేవాళ్లే మే 21న మందు బండి పంపుతారు. ఎందుకు పంపరు? ఈగకు ఓటు లేదు, దానికి ఫోన్ చేసే మంత్రి లేడు.

మా ఊరి చెరువు కట్ట కింద ఐదంతస్తుల భవనం లేచింది. వర్షాకాలంలో దాని సెల్లార్ నుంచి మోటార్లు పెట్టి నీళ్లు తోడి రోడ్డు మీదికి వదులుతారు. ఆ నీళ్లు పాత ఇళ్లలోకి వస్తాయి. గోడలు నానేది మావి, పెంకు కారేది మాది, మేస్త్రిని పిలుచుకునేది మేము. పురపాలకులారా, పాత ఇల్లు బాగు చేసుకుని పెరట్లో నాలుగు చెట్లు బతికించుకుంటున్నవాడి గేటు ఎక్కడుందో మీకు ఇట్టే తెలిసింది. ఆ భవనం గేటు మెయిన్ రోడ్డు మీదే ఉంది. అక్కడికి మీ జిగురు డబ్బా ఎందుకు చేరలేదు? ఎవరు ఆపారు? ఆ భవనానికి మీరిచ్చిన నోటీసు కాగితం ఒక్కటి, నకలైనా సరే, పట్టుకురండి. అదే రోజు నా పెట్టె నేనే మోసుకెళ్లి ఊరి బయట దించి వస్తాను.