నోరు మూసుకో, కమ్యూనికేషన్ పరీక్ష జరుగుతోంది

ఎంబీఏ చదవాలన్నా ఎంసీఏ చదవాలన్నా మన తెలుగు డిగ్రీ పట్టభద్రుడు ముందు ఐసెట్ గుమ్మం దాటాలి. రెండున్నర గంటలు, 200 ప్రశ్నలు. తెలంగాణ ఐసెట్‌లో అందులో 50 ప్రశ్నల భాగానికి ‘కమ్యూనికేషన్ ఎబిలిటీ’ అని నామకరణం చేశారు. రేపు ఆఫీసుల్లో నలుగురితో మాట్లాడి పని చేయించవలసినవాడు కదా, వాడి మాట నేర్పు ఏపాటిదో ఇక్కడే తేల్చేస్తారు. తేల్చే గదిలో మొదటి నిబంధన: మాట్లాడరాదు. రెండో నిబంధన: పక్కకు చూడరాదు. మొత్తం పరీక్షలో అభ్యర్థి చేత ఒక్క వాక్యం పలికించరు, ఒక్క వాక్యం రాయించరు. మౌస్ పట్టుకుని 50 సార్లు క్లిక్కుమనిపిస్తే చాలు, ఇతగాడికి ఇంగ్లీషులో భావ వ్యక్తీకరణ ఎంతుందో యూనివర్సిటీ వారికి తెలిసిపోతుంది. మౌనవ్రతం పట్టినవారికి ఇంతటి గౌరవం మన మఠాల్లో కూడా దక్కదు.

దీని వెనక లెక్క ఇంకా సొగసుగా ఉంటుంది. ప్రశ్నకు నాలుగు ఆప్షన్లు. తప్పు పెడితే కోత లేదు. ఎస్సీ, ఎస్టీలకు తప్ప మిగిలినవాళ్ళకు అర్హత మార్కు 25 శాతం, అంటే 200కి 50. ఇప్పుడు మీరు కళ్ళు మూసుకుని ప్రతి ప్రశ్నకూ మూడో ఆప్షనే కొట్టుకుంటూ పోయారనుకోండి. నాలుగింటికొకటి చొప్పున తగులుతుంది. సగటున ఎన్ని వస్తాయి? 50. పెద్దలు కూర్చుని, కమిటీలు వేసుకుని గీసిన అర్హత గీత సరిగ్గా ఏమీ తెలియనివాడి నెత్తిన ఆనుకుని ఉందన్నమాట. ప్రశ్నపత్రం చదవడం ఇక్కడ అదనపు అర్హత.

అయితే ర్యాంకు కావాలి కదా. మంచి కాలేజీలో కన్వీనర్ సీటు రావాలి, ఫీజు రీయింబర్స్‌మెంట్ రావాలి. అందుకని అమీర్‌పేటకో దిల్‌సుఖ్‌నగర్‌కో వెళ్ళి, హాస్టల్లో మంచం తీసుకుని, కోచింగ్‌లో చేరతారు. ఇక్కడ ఇంకో విచిత్రం. లెక్కల ప్రశ్నలు, లాజిక్ ప్రశ్నలు తెలుగులోనూ ఇస్తారు. ఈ ఒక్క భాగం మాత్రం అచ్చంగా ఇంగ్లీషులోనే ఉంటుంది. దానికి చెప్పే క్లాసు మాత్రం అచ్చంగా తెలుగులో జరుగుతుంది. ప్రిపొజిషన్ దగ్గర నుంచి ప్యాసివ్ వాయిస్ దాకా సార్ తెలుగులోనే లాగించేస్తారు. సందేహం వస్తే తెలుగులోనే అడగాలి. ఎవడైనా ఇంగ్లీషులో అడిగితే క్లాసంతా వెనక్కి తిరిగి చూస్తుంది, వాడు మళ్ళీ అడగడు.

గ్రామర్ క్లాసులో కాలం కదలదు. అక్కడొక రోగి ఉన్నాడు. డాక్టర్ వచ్చేలోపే చనిపోతాడు. మా నాన్నల తరంలో చనిపోయాడు, మా తరంలో చనిపోయాడు, ఈ ఏడాది బ్యాచ్‌లో కూడా చనిపోతున్నాడు. ఆరోగ్యశ్రీ వచ్చింది, 108 వచ్చింది, డాక్టర్ మాత్రం ఇంకా ఆలస్యంగానే వస్తున్నాడు. ఎందుకంటే అతను టైముకి వస్తే పాస్ట్ పర్ఫెక్ట్ టెన్స్‌కు ఉదాహరణ ఉండదు. పక్కనే ఒక ముసలాయన ఉంటాడు, నడవలేనంత నీరసం. ఆయన్ని ‘టూ’ పెట్టి ఒకసారి, ‘సో... దట్’ పెట్టి ఒకసారి నీరసపరుస్తారు తప్ప మంచినీళ్ళిచ్చిన పాపాన ఎవరూ పోలేదు. రాముడు రావణుణ్ణి చంపుతాడు. వెంటనే రావణుడు రాముడి చేత చంపబడతాడు. వాల్మీకి ఒక్కసారి చంపించి ఊరుకున్నాడు గానీ, మనవాళ్ళు రెండు వాయిస్‌లలోనూ చంపించకుండా వదలరు. లోహాల్లో ఇనుముకి ఉన్నంత ప్రయోజనం దేనికీ లేదని పాజిటివ్ డిగ్రీలో చెప్పి, కంపారిటివ్‌లో చెప్పి, సూపర్లేటివ్‌లో చెప్పి ఇనుముకే విసుగు పుట్టిస్తారు.

ఇన్ని నేర్చాక మనవాడు ‘ఆనెస్ట్ మ్యాన్’ ముందు ‘ఎ’ కాదు ‘యాన్’ రావాలని నిద్రలో లేపి అడిగినా చెబుతాడు. నిజాయితీపరుడు జీవితంలో తారసపడినా పడకపోయినా ఆర్టికల్ మాత్రం సిద్ధంగా ఉంది. ‘యూనివర్సిటీ’ ముందు ‘యాన్’ పెట్టకూడదని కూడా తెలుసు. ఆ యూనివర్సిటీలో మూడు రోజులుగా నీళ్ళు రావడం లేదని వార్డెన్‌కి ఇంగ్లీషులో నాలుగు ముక్కలు రాయమంటే మాత్రం పెన్ను కొరుక్కుంటాడు. అది ఫంక్షనల్ గ్రామర్ సిలబస్‌లో లేదు.

ఈ వ్యాకరణానికి మూలపురుషులు రెన్ అండ్ మార్టిన్. 1930ల నాటి ఆ పుస్తకం ఇవాళ్టికీ ఇంటింటా ఉంటుంది. అటక మీద ఉంటుంది గానీ ఉంటుంది. ఈ జంటలో పెర్సివల్ క్రిస్టఫర్ రెన్ దొరగారు మన దేశంలో విద్యాశాఖ ఉద్యోగం చేసినాయన. ఆయన 1924లో ‘బో జెస్ట్’ అనే నవల రాశాడు. ఎడారి, ఫ్రెంచి ఫారిన్ లీజియన్ సిపాయిలు, ఒక నీలమణి దొంగతనం, చచ్చినా నోరు విప్పని అన్నదమ్ములు. హాలీవుడ్ వాళ్ళు దాన్ని ఒకటికి మూడుసార్లు సినిమా తీశారు. అంత కథ చెప్పగలిగిన మనిషి దగ్గర మనం ఏం పుచ్చుకున్నాం? సెమీకోలన్ ఎక్కడ పెట్టాలో పుచ్చుకున్నాం. కథ చదివితే పిల్లవాడికి టెన్సులు తెలియకుండానే వంటబట్టే ప్రమాదముంది. అప్పుడు టెన్సులకు విడిగా ఫీజు ఎలా వసూలు చేస్తారు?

ఇక ఒకాబులరీ. ఈ శాస్త్రంలో మన సార్లు చేసిన పరిశోధనకు డాక్టరేట్లు ఇవ్వాలి. ‘గార్యులస్’ అంటే వాగుడుకాయ అని గుర్తుండాలి. ఎలా? గారెలు నోట్లో కుక్కుకుని కూడా వాగుడు ఆపనివాడు గార్యులస్. క్లాసంతా ఘొల్లున నవ్వుతుంది, నోట్సులో రాసుకుంటుంది. పరీక్ష రోజు స్క్రీన్ మీద ఆ మాట రానే వస్తుంది. మనవాడికి ఠక్కున గారెలు గుర్తొస్తాయి. గారెలు ఎవరు తింటారు? ఆప్షన్లలో తిండిపోతు అన్న మాటా ఉంది, వాగుడుకాయ అన్న మాటా ఉంది. తిండిపోతు మీద క్లిక్ పడుతుంది. గారెలు గెలిచాయి, ఇంగ్లీషు ఓడింది.

పక్షుల్ని అధ్యయనం చేసేవాణ్ణి ఏమంటారు, నాణేలు సేకరించేవాణ్ణి ఏమంటారు, స్టాంపులు పోగేసేవాణ్ణి ఏమంటారు అని ఒక జాబితా. వీళ్ళు ముగ్గురూ మనవాడి జీవితంలో ఎప్పుడూ ఎదురుపడరు. అటూ ఇటూ కాని బేరం తెగ్గొట్టడానికి, అప్పిచ్చినవాడికి నచ్చజెప్పడానికి, జీతం ఎందుకు పెంచాలో చెప్పడానికి కావలసిన మామూలు మాటలు మాత్రం ఏ జాబితాలోనూ ఉండవు. పైగా ఐసెట్‌లో ‘బిజినెస్ అండ్ కంప్యూటర్ టెర్మినాలజీ’ అని ఇంకో ముక్క ఉంది. షేర్ మార్కెట్లో ఎద్దు ఎవరు, ఎలుగుబంటి ఎవరు, కంప్యూటర్‌లో ర్యామ్ అంటే ఏమిటి అని అడుగుతారు. ఇవి తెలిస్తే కమ్యూనికేషన్ వచ్చినట్టు. ఆ లెక్కన మా వీధి చివర సెల్‌ఫోన్ రిపేర్ షాపు కుర్రాడు మహావక్త.

అన్నిటికంటే ఘనమైనది రీడింగ్ కాంప్రహెన్షన్. చదివి అర్థం చేసుకోవడం ఎలాగో నేర్పే క్లాసు. ఏ కోచింగ్ గదిలో కూర్చున్నా ఇంచుమించు ఇదే సంభాషణ వినిపిస్తుంది. తేనెటీగల మీద ప్యాసేజ్ ఇచ్చారు. ఒకమ్మాయి తల వంచుకుని మొదటి లైను నుంచి మొదలుపెట్టింది. సార్ కంట్లో పడింది.

‘ఏం చేస్తున్నావమ్మా?’

‘ప్యాసేజ్ చదువుతున్నా సార్.’

‘మొత్తం చదువుతూ కూర్చుంటే టైమెక్కడిది తల్లీ? ముందు ప్రశ్న చూడు. అందులో పెద్ద మాట ఏదుంది?’

‘పోలినేషన్ సార్.’

‘అది ప్యాసేజ్‌లో ఎక్కడుందో వెతుకు. దొరికిందా? దానికి పైన ఒక లైను, కింద ఒక లైను. అక్కడున్న మాటలు ఏ ఆప్షన్‌లో కనిపిస్తే అది కొట్టెయ్. అయిపోయింది.’

‘మరి సార్, తేనెటీగలు ఎందుకు తగ్గిపోతున్నాయో...’

‘ప్రశ్నల్లో అడిగాడా?’

‘లేదు సార్.’

‘మరి నీకెందుకు?’

ఆ అమ్మాయి పెన్ను దించి వెతకడం మొదలుపెట్టింది. ఆ క్షణంలో ఆమెకు కాంప్రహెన్షన్ వచ్చింది, రీడింగ్ పోయింది. ‘ఆల్వేస్’, ‘నెవర్’ ఉన్న ఆప్షన్ తీసెయ్, మిగతావాటికంటే పొడుగ్గా ఉన్నదాన్ని అనుమానంగా చూడు, ‘ఆల్ ఆఫ్ ది అబౌ’ కనిపిస్తే కళ్ళకద్దుకో అని సార్ బోర్డు మీద సూత్రాలు రాస్తారు. సార్‌ని అనడానికేమీ లేదు. 150 నిమిషాలు, 200 ప్రశ్నలు. భాగహారం చేస్తే ప్రశ్నకు 45 సెకన్లు. అందులోనే ప్యాసేజ్ చదవాలి, ప్రశ్న చదవాలి, నాలుగు ఆప్షన్లు చదవాలి, తుమ్మొస్తే తుమ్మాలి. పరీక్ష పెట్టినవాడే చదవొద్దన్నాక, పాపం చదవనివ్వడానికి సార్ ఎవరు?

చదవాలనే చాదస్తం ఉన్నవాళ్ళకు ప్రభుత్వం వేరే చోటు చూపించింది. ఇంటిపన్ను కట్టేటప్పుడు రసీదు తిరగేసి చూడండి. పన్నులో రూపాయికి 8 పైసల చొప్పున గ్రంథాలయ సెస్సు ఉంటుంది. మీరు చదివినా చదవకపోయినా, మీ ఊళ్ళో లైబ్రరీ తలుపు తెరిచినా తెరవకపోయినా ఆ 8 పైసలు మీరు కడుతూనే ఉన్నారు. మీ తాతగారి కాలం నుంచి కడుతున్నారు. ఆ లైబ్రరీలో ఇవాళ పొద్దున పేపర్ కోసం వచ్చే ఇద్దరు రిటైర్డ్ మాస్టార్లు, పోటీ పరీక్షల గైడ్లు చదువుకునే పది మంది నిరుద్యోగులు కనిపిస్తారు. కథల పుస్తకాల బీరువాకి తాళం వేసి ఉంటుంది. తాళంచెవి అటెండర్ దగ్గర, అటెండర్ డిప్యుటేషన్ మీద. పైసలిచ్చిన చోట పుస్తకం దొరకదు, పుస్తకం వద్దన్న చోట వేలు పోస్తాం. ఈ ఏర్పాటు కుదిర్చినవాడికి ఎకనామిక్స్ బాగా వచ్చు.

ఇంతకీ మనవాడు గెలిచాడనుకుందాం. కమ్యూనికేషన్‌లో 50కి 38 తెచ్చుకున్నాడు. ర్యాంకు వచ్చింది. రాకపోయినా నష్టం లేదు, ర్యాంకు ఎంతైనా పర్వాలేదు రండి అని కాలేజీ పీఆర్‌వోలు ఫోన్లు చేస్తూనే ఉంటారు. రెండేళ్ళు ఎంబీఏ చదివాడు. క్యాంపస్ ఇంటర్వ్యూకి ఒక కంపెనీ వచ్చింది. హెచ్‌ఆర్ మేడమ్ నవ్వుతూ, నీ గురించి చెప్పు అంది. మనవాడు సీనియర్లు వాట్సాప్‌లో పంపిన పేరా అప్పజెప్పాడు. పేరు, ఊరు, బలాలు మూడు, బలహీనత ఒకటి. ఆ బలహీనత కూడా సీనియర్ల నుంచి వచ్చినదే: పని పూర్తయ్యేదాకా నిద్రపోకపోవడం. ఇక్కడిదాకా బాగానే నడిచింది. ఆమె పేరాలో లేని ప్రశ్న అడిగింది. మీ ఊళ్ళో ఏం పండుతుంది, ఈ ఏడాది రైతులకు ఎలా ఉంది అంది. వాడిది పత్తి పండే ఊరు. గులాబీ పురుగు గురించి, మార్కెట్ యార్డులో తేమ పేరుతో కోసే ధర గురించి, కమీషన్ ఏజెంట్ల గురించి అరగంట చెప్పగలడు, తెలుగులో. ఇంగ్లీషులో నాలుగు ఆప్షన్లు ఇచ్చి ఉంటే అందులోనూ చెప్పేవాడే. ఆమె ఆప్షన్లు ఇవ్వలేదు. వాడు మాట్లాడలేదు.

దాంతో వాడు పాత కోచింగ్ సెంటర్ బిల్డింగ్‌కే మళ్ళీ వెళ్ళాడు. రెండో అంతస్తులో ఐసెట్, మూడో అంతస్తులో స్పోకెన్ ఇంగ్లీష్. 30 రోజుల్లో అనర్గళం అని బోర్డు. పదిహేనేళ్ళు సబ్జెక్టుగా చదివింది, పరీక్ష పెట్టి ఉందని తేల్చింది, 30 రోజుల్లో మళ్ళీ మొదటి నుంచి. కింద అంతస్తు వాడు నోరు మూయించిన దాన్ని పై అంతస్తు వాడు నోరు తెరిపించడానికి వేరే ఫీజు. రెండు అంతస్తుల యజమానీ ఒక్కరే అయితే మాత్రం మనం ఆశ్చర్యపోకూడదు.

విమర్శించడం తేలికే, దారి చెప్పమంటారు కదా, చెబుతాను. ఆ 50 క్లిక్కులూ తీసేద్దాం. పిల్లల చేతికి తెల్ల కాగితం ఇద్దాం. నీ ఊరి గురించి, నీ ఇంటి గురించి, ఈ చదువు ఎందుకు కావాలనుకుంటున్నావో నీకొచ్చిన ఇంగ్లీషులో పది వాక్యాలు రాయమందాం. తప్పులుంటే ఉండనిద్దాం, చెప్పదలుచుకున్నది తెలిసిందా లేదా అన్నదే చూద్దాం. ఒక కథ ఇచ్చి తీరుబడిగా చదవనిచ్చి, నీకేమనిపించిందో చెప్పమందాం. రోగిని ఈసారికి బతకనిద్దాం.

దీనికి వచ్చే అభ్యంతరం తెలిసిందే. వేలాది కాగితాలు ఎవరు దిద్దుతారు? కంప్యూటర్‌కి క్లిక్కు లెక్కపెట్టడం వచ్చుగానీ ఇలాంటివి మనుషులే చదవాలి. ఓపికగా చదివి, ఇది తప్పే అయినా విషయముంది అని గుర్తుపట్టగలిగేవాళ్ళు కావాలి. అంటే ఇంగ్లీషు వచ్చినవాళ్ళను వెతికి తెచ్చుకోవాలి. వాళ్ళకు ఇంగ్లీషు వచ్చో రాదో తేల్చాలంటే వాళ్ళకో పరీక్ష పెట్టాలి. ఆ పరీక్ష ఎలా పెట్టాలో మాత్రం ఎవరూ మనకు నేర్పనక్కర్లేదు: ప్రశ్నకు నాలుగు ఆప్షన్లు, తప్పుకు కోత లేదు, గదిలో మాట్లాడరాదు.