పందొమ్మిదో గేటు, మా ఇంటి బ్యాగు

ఎమ్మిగనూరులో వరదొస్తుందంటే వినేవాడు ముందు ఆకాశం వైపు చూస్తాడు, తర్వాత చెప్పినవాడి మొహం వైపు చూస్తాడు. వాన కోసం గాడిదలకు పెళ్ళిళ్ళు చేసే సీమ ఇది. 2023లో సర్కారు కరువు మండలాల జాబితా వేస్తే మా కర్నూలు జిల్లా మండలాలు చాలా అందులోకెక్కాయి. ఆ మరుసటి ఏడు, 2024 ఆగస్టు 10 రాత్రి, హోస్పేట దగ్గర తుంగభద్ర డ్యాముకు 19వ నంబరు గేటు గొలుసు తెగి కొట్టుకుపోయింది. మొత్తం గేట్లు 33, పోయింది ఒక్కటి. 1953 నాటి డ్యాము. ఆ వయసు దాటిన మా అమ్మకు పళ్ళు అంతకంటే ఎక్కువే పోయాయి, ఎవరూ హెచ్చరికలు జారీ చేయలేదు.

ఇక్కడ మాత్రం చేశారు. కౌతాళం, కోసిగి, మంత్రాలయం, నందవరం మండలాల్లో ఏటి ఒడ్డు పల్లెలవాళ్ళు జాగ్రత్తగా ఉండాలన్నారు. ఆదివారం పొద్దున టీకొట్టు దగ్గర రెండు గుంపులు తయారయ్యాయి. ఏటి ఒడ్డున బంధువులున్నవాళ్ళు "నీళ్ళొస్తాయంట" అని భయపడుతున్నారు. డ్యాము నుంచి వచ్చే ఎల్లెల్సీ (దిగువ కాలువ) కింద మడి ఉన్నవాళ్ళు "నీళ్ళు పోతాయంట" అని భయపడుతున్నారు. నిండుగా ఉన్న డ్యాములో మా కాలువకు రావలసిన నీళ్ళు కూడా ఆ పందొమ్మిదో కంతలోంచే పోతున్నాయి మరి. డ్యాము మీద ఒత్తిడి తగ్గాలంటే మిగతా గేట్లూ ఎత్తి ఇంకా నీళ్ళు వదలాలి. ఏట్లోకొచ్చే నీళ్ళూ, మడికి రాని నీళ్ళూ ఒకే నీళ్ళు. ఏ గుంపులో నిలబడాలో తేల్చుకోలేక నేను మధ్యలో నిలబడి రెండు గుంపుల టీ డబ్బులూ కట్టాను.

ఇంటికొచ్చేసరికి కాలిఫోర్నియా నుంచి మా అమ్మాయి ఫోను. మా ఇంటికి తుంగభద్ర ఎంత దూరమో ఆ పిల్లకు తెలుసు. మధ్యలో ఎన్ని పల్లెలున్నాయో కూడా తెలుసు. అయినా అడవి తగలబడితే అరగంటలో ఇల్లు ఖాళీ చేయమనే ఊళ్ళో ఉంటోంది కాబట్టి ఆ అలవాటు ఒంటబట్టింది. "నాన్నా, బ్యాగు సర్దుకున్నారా?"

"ఏం బ్యాగమ్మా?"

"తలుపు పక్కన పెట్టుకునే బ్యాగు నాన్నా. ఎప్పుడు పొమ్మంటే అప్పుడు ఎత్తుకుని పోయేది."

అక్కడ ప్రతి ఇంట్లో ఉంటుందట. జపానులో అయితే దాన్ని దుకాణాల్లో సర్దే అమ్ముతారట. మన జాతీయ విపత్తు నిర్వహణ సంస్థ కూడా ఇంటింటికీ ఒకటి ఉండాలనే చెబుతోందని నిరూపించడానికి ఒక పట్టీ పంపింది. టార్చీ, బ్యాటరీలు, మందులు, తాడు, కత్తి, అగ్గిపెట్టె, కొవ్వొత్తులు, నీళ్ళలో వేసే క్లోరిన్ బిళ్ళలు, పాడవని తిండి, నగదు, కాగితాలు, విజిల్. అన్నిటికంటే పైన, నీళ్ళు. అమెరికా లెక్క ప్రకారం మనిషికి రోజుకు ఒక గ్యాలన్, అంటే నాలుగు లీటర్లకు కాస్త తక్కువ, కనీసం మూడు రోజులకు సరిపడా. ఇంట్లో ఆరుగురం. నేను కాగితం మీద గుణించి, దగ్గర దగ్గర డెబ్బై లీటర్లని ప్రకటించాను.

మా ఆవిడ చేటలో బియ్యం ఏరుతూ తలెత్తకుండానే అంది. "డెబ్బై లీటర్లు ఇంట్లో ఉంటే ఊరిడిసి యాడికి పోతాం?"

దీనికి అమెరికా వాళ్ళ దగ్గర జవాబు లేదు. నా దగ్గర అసలే లేదు. కుళాయి ఎప్పుడొస్తే అప్పుడు నిద్ర లేచే ఇల్లు మాది. వచ్చినప్పుడు గ్లాసులు, చెంబులు, చివరికి పెరుగు గిన్నెలతో సహా నింపి పెట్టుకుంటాం. ఆ లెక్కన మా ఇల్లు ఏడాది పొడుగునా విపత్తుకు సిద్ధంగానే ఉంది. సరే, బ్యాగులో రెండు సీసాలు చాలని తీర్మానించి ముందుకు జరిగాం.

విజిల్ ఎందుకని అమ్మ అడిగింది. ఎక్కడైనా ఇరుక్కుంటే ఊదడానికన్నాను. మా అమ్మ మిద్దె మీద నుంచి కేకేస్తే రెండో వీధిలో బర్రెలు నిలబడిపోతాయి, ఆవిడకు విజిల్ ఇవ్వడం అవమానించడమే. మా ఆవిడేమో, కుక్కరు పెట్టుకుంటే మూడు విజిళ్ళకు అన్నమూ ఉడుకుతుంది, సాయమూ వస్తుందంది. కుక్కరు లోపలికి పోయింది. కత్తి బదులు అడకత్తెర వేశారు. అడకత్తెర వెంట వక్కలు, వక్కల వెంట ఆకులు, ఆకుల వెంట సున్నం డబ్బీ, ఇవన్నీ నూరుకోవడానికి అమ్మ చిన్న రాతిరోలు వచ్చాయి. పళ్ళు లేని మనిషికి రోలు లేకుంటే వక్కాకు ఎట్లా అంటే ఎవరం కాదనగలం? బ్యాగు ఎత్తి చూశాను. అది నేల మీదే ఉంది, నా భుజం ఒక్కటే కదిలింది.

తిండి దగ్గర మాత్రం పట్టీ రాసినవాళ్ళు మా ఊరొచ్చి పాఠం చెప్పించుకోవాలి. పాడవనిది, తేలికది, పొయ్యి లేకున్నా తినగలిగేది అని వాళ్ళు బిస్కెట్ల దగ్గరే ఆగిపోయారు. మా దగ్గర బొరుగులున్నాయి. సంచెడు బొరుగులు దిండుకంటే తేలిక. నీళ్ళలో ముంచి పిండితే మెత్తబడతాయి, కాసింత పుట్నాలపొడీ ఉప్పూకారమూ తగిలిస్తే ఉగ్గాని. బజ్జి లేని ఉగ్గాని అరిష్టమే కానీ, వరదలో సర్దుకోవచ్చు. ఇక ఎండబెట్టిన జొన్నరొట్టె చెనిక్కాయ పొడితో వారాల తరబడి ఉంటుంది, పగలగొట్టాలంటే చప్పుడు కూడా వస్తుంది. విజిల్ సమస్య కూడా అక్కడే తీరిపోయింది.

పట్టీలో నగదు ఎంతో రాయలేదు. అది మంచిదయింది. రాసి ఉంటే ఆ నగదు ఎక్కడ దాచిందీ మా ఆవిడ నాకు చెప్పాల్సి వచ్చేది.

ఇంత హాస్యమాడుతున్నాను కానీ, ఈ సీమకు వరద తెలియక కాదు. 2009 అక్టోబరు 2, గాంధీ జయంతి నాడు, కర్నూలు మునిగింది. ఒక వైపు తుంగభద్ర, ఒక వైపు హంద్రీ, కింద శ్రీశైలం వెనక నీళ్ళు. శ్రీశైలానికి దాదాపు 25 లక్షల క్యూసెక్కులు వచ్చాయన్నారు. ఆ డ్యామును కట్టిందేమో 19 లక్షల వరద లెక్కన. మంత్రాలయంలో రాఘవేంద్రస్వామి మఠంలోకే నీళ్ళొచ్చాయి, దర్శనానికి వచ్చిన భక్తులు మేడల మీద ఉండిపోయారు. మాకు నాగలదిన్నె వంతెన పోయింది. అది పోవడంతో ఏటికి అవతల ఐజలో ఉన్న వియ్యంకులు ఏళ్ళ తరబడి చుట్టు తిరిగి రావలసిన దూరపు చుట్టాలైపోయారు.

అప్పుడు కర్నూలు పాతబస్తీలో ఉన్న మా మామ ఒకాయన, నీళ్ళు గడప దాటుతుంటే చేతికందింది పట్టుకుని మేడెక్కాడు. పైకెక్కి చూసుకుంటే చేతిలో టీవీ రిమోటు. టీవీ కింద నీళ్ళలో ఉంది. తెల్లారేదాకా దాన్ని వదల్లేదట. పక్క మేడ మీద ఒకాయన దగ్గర పెళ్ళి ఆల్బమ్, ఇంకొకామె దగ్గర సగం కడిగిన ఇడ్లీ రేకులు. చీకట్లో అందరూ ఎవరేం తెచ్చుకున్నారో ఒకరికొకరు చెప్పుకుని, ఏడవాల్సిన చోట పగలబడి నవ్వారట. బ్యాగు ముందే ఎందుకు సర్దుకోవాలో నాకు ఏ పట్టీ చెప్పినదానికంటే ఆ రిమోటే గట్టిగా చెప్పింది. భయంలో చేతులకు బుర్ర ఉండదు.

కాగితాల దగ్గర ఒక పూట గడిచిపోయింది. ఆధార్లు, రేషన్ కార్డు, బ్యాంకు పుస్తకాలు, పట్టాదారు పాసుపుస్తకం, మా అబ్బాయి పదో తరగతి మార్కుల పట్టీ. ఆ మార్కుల పట్టీ ఏటిలో పోయినా ఇంట్లో ఎవరికీ అభ్యంతరం లేకపోయింది. ట్రంకుపెట్టె అడుగున మా తాత దస్తావేజులున్నాయి. వాటి మీద జిల్లా బళ్ళారి. మా నాయన కాగితాల మీద కర్నూలు. ఇల్లు అంగుళం కదల్లేదు, 1953లో ఆంధ్ర రాష్ట్రం ఏర్పడినప్పుడు ఆదోని తాలూకానే మూట కట్టుకుని కర్నూలు జిల్లాకు వచ్చేసింది. ఆ కర్నూలు రాజధానిగా కొన్ని ఆఫీసులను డేరాల్లో నడిపి, 1956లో ఆ డేరాలూ ఫైళ్ళూ సర్దుకుని హైదరాబాదుకు సాగనంపింది. ఒక ప్రభుత్వాన్నే బ్యాగులో పెట్టి పంపిన జిల్లావాణ్ణి నేను, మా ఇంటి కాగితాలు ఒక ప్లాస్టిక్ కవరులో పట్టించలేకపోయాను.

ఫోను నంబర్లు కూడా రాసి పెట్టుకోమన్నారు. రాష్ట్ర కంట్రోల్ రూము 1070, జిల్లాది 1077, ఏ ఆపదకైనా 112. క్యాలెండరు పక్కన గోడ మీద పెద్ద అక్షరాలతో రాశాను. మా ఆవిడ వాటి కిందే పాల లెక్క రాస్తోంది.

ఈ బాగోతమంతా వీధి చివర రేకుల ఇంటామె గడప మీద కూర్చుని చూస్తోంది. వాళ్ళది కోసిగి దిక్కు పల్లె. ఏటా సుగ్గికి, అంటే కోతల పనికి, వలస పోతారు. జనవరిలో మా ఊరి నీలకంఠేశ్వరుడి జాతర చూసుకుని గుంటూరు వైపు మిరపకాయ కోతలకు పోయి, మళ్ళీ ఉగాదికి వస్తారు. వానలు పడని ఏడు జాతర దాకా కూడా ఆగరు, పత్తి తీయడానికి ముందే పోతారు. తాళాలేసిన ఇళ్ళ ముందు ముసలివాళ్ళు, కుక్కలు మిగిలే పల్లెలు మా పడమటి మండలాల్లో ఎన్నో. ఇల్లు ఖాళీ చేయడమనేది మాకు పట్టీ, వాళ్ళకు పంచాంగం.

ఆమె మా బ్యాగును వేలితో పొడిచి చూసింది. "ఇది ఎత్తుకోని బస్సెక్కుతారా సారూ?"

"ఎక్కాలి కదమ్మా."

"ఎక్కితే దిగలేరు" అని లేచి, మా ఆవిడను ఒక దుప్పటి అడిగింది.

ఎమ్మిగనూరు దుప్పటి తెచ్చి ఇచ్చింది మా ఆవిడ. ఈ ఊళ్ళో మాచాని సోమప్ప 1938లో నేతగాళ్ళ సహకార సంఘం పెట్టి, మగ్గాన్ని నమ్ముకున్నవాళ్ళకు దారి చూపి, ఆనక పద్మశ్రీ కూడా అందుకున్నారు. ఆ నేత దుప్పటి మోటుగా ఉంటుంది, మూట కట్టడానికి ఆ మోటుతనమే కావాలి. ఆమె దాన్ని నేల మీద కోణంగా పరిచింది. నడిమధ్యన గిన్నెలు, పెద్దదాంట్లో చిన్నది, చిన్నదాంట్లో పప్పు మూట, పప్పులో గుచ్చి అగ్గిపెట్టె. తడి తగిలినా పప్పు తడవాలి కానీ అగ్గిపెట్టె తడవదట. చుట్టూ బట్టలు కుక్కింది, గిన్నెలు మోగకుండా. మీద జొన్నపిండి సంచి, దాని మీద మడిచిన పరదా. పరదా అన్నిటికంటే పైన ఎందుకంటే, చేరేసరికి వాన పడుతుంటే మూట విప్పకుండానే చెయ్యి దూర్చి లాక్కోవాలి. ఎదురెదురు కొసలు తీసుకుని మొదటి ముడి వదులుగా, దాని మీద రెండో జత కొసలతో బిగువుగా ముడేసి, మోకాలితో ఒక్క నొక్కు నొక్కింది. మూట సగానికి తగ్గింది. ఆధార్లూ రేషన్ కార్డూ మూటలో పెట్టలేదు. "అవి ఒంటి మీదుండల్ల. మూట పోతే పోతాది" అంది. మూట నెత్తికెత్తుకుని రెండు చేతులూ ఊపి చూపించింది. ఒక చేతికి పిల్లోడు, ఒక చేతికి బిందె. చేతులు ఖాళీగా ఉండాలని మా అమ్మాయి పంపిన పట్టీలోనూ ఉంది, పదకొండో పేజీలో.

పట్టుమని పది నిమిషాలు పట్టలేదు. మేము పొద్దుటి నుంచీ చేస్తున్నది ఏమిటని అడగకుండా వెళ్ళిపోవడం ఆమె మర్యాద.

అక్కడ డ్యాము దగ్గర గేట్ల నిపుణుడు కన్నయ్య నాయుడు ఆధ్వర్యంలో వారం తిరిగేసరికి పారే నీళ్ళలోనే స్టాప్‌లాగులనే ఇనుప పలకలు దించి కంత మూశారు. ఎనభై ఏళ్ళకు దగ్గర పడ్డ మనిషి, అంతకంటే మొండి ఇనుము. టీకొట్టు దగ్గర రెండు గుంపులూ కలిసిపోయి, ఆ పూట ఎవరి టీ డబ్బులు వాళ్ళే కట్టుకున్నారు. మా బ్యాగు మాత్రం తలుపు పక్కనే ఉండిపోయింది. రోలు మరునాడే బయటికొచ్చింది. కుక్కరు ఆ రాత్రే వచ్చింది. టార్చీ, కరెంటు పోయినప్పుడు. బొరుగులు, చుట్టాలొచ్చినప్పుడు.

జాతర అయ్యాక రేకుల ఇంటామె వచ్చి నిలబడింది. "ఆ బ్యాగు ఊరికే ఉంది కదా సారూ. పిల్లోళ్ళ బట్టలకు పనికొస్తాది. ఉగాదికి తెచ్చిస్తా." ఆపద కోసం కొన్న బ్యాగును ఆపద లేదని ఇవ్వకపోవడానికి నాకు కారణమేదీ దొరకలేదు. మా ఇంట్లో ఎవరూ గడప దాటకముందే బ్యాగు గుంటూరు పోయింది.

అన్న మాట ప్రకారం ఉగాదికి తెచ్చిచ్చింది, ఖాళీ బ్యాగు ఇవ్వకూడదని అడుగున ఎండుమిరపకాయలు పోసి మరీ. మిరపకాయలు మా ఆవిడ తీసేసుకుంది. ఘాటు మాత్రం బ్యాగులోనే ఉండిపోయింది. ఉతికాం, ఎండలో వేశాం, తగ్గలేదు. దొంగ కూడా తెరవడని అమ్మకు దాని మీద ఇప్పుడు గొప్ప నమ్మకం.

మొన్న వీడియో కాల్లో మా అమ్మాయి బ్యాగు చూపించమంది. జిప్పు లాగాను. ఇంటిల్లిపాదీ వరసగా తుమ్మారు. నా కళ్ళ వెంట ధారలు.

"ఏం నాన్నా, ఏడుస్తున్నావా?"

"లేదమ్మా, గుంటూరు."