నిద్రపోతున్నాడనుకున్నాను

పాత ఫొటోల్లో చావును వెతకడం నాకొక పిచ్చి. విక్టోరియా కాలపు ఇంగ్లండులో, అమెరికాలో చనిపోయినవాళ్లకు మంచి బట్టలు తొడిగి, ఇనుప స్టాండుకు ఆనించి నిలబెట్టి, బతికున్నవాళ్ల పక్కన ఫొటో తీయించేవారని ఎక్కడో చదివాను. చదివింది చదివినట్టు నమ్మాను. కాళ్ల వెనక స్టాండు పాదం కనిపిస్తే శవమే. కళ్లు పాలిపోయి ఉంటే శవమే. చుట్టూ అందరూ మసకగా ఉండి ఒక్కరే స్పష్టంగా ఉన్నా శవమే. ఈ గుర్తులన్నీ కాలేజీ పిల్లలకు తెరమీద బొమ్మలు వేసి మరీ చెప్పాను. వాళ్లు బిత్తరపోయి చూస్తుంటే చాలా తెలిసినవాడిలా పొంగిపోయాను.

ఆ తెలివి ఇంటిదాకా వచ్చింది. అమ్మమ్మ ట్రంకుపెట్టెలోని ఫొటోలు తిరగేస్తూ, కుర్చీ పట్టుకుని కట్టెలా నిలబడ్డ ఓ పిల్లను చూపించి, "ఇది పోయాక తీసినట్టుంది పెద్దమ్మా" అన్నాను. పెద్దమ్మ ఫొటో అందుకుని చాలాసేపు చూసింది. "అది నేనేరా. కదిలితే ఫొటో పాడవుతుందని ఫొటో తీసే ఆయన బెదిరిస్తే ఊపిరి బిగబట్టి నిలబడ్డా" అంది. కోప్పడలేదు. కోప్పడినా బాగుండేది.

సిగ్గుతోనే మళ్లీ చదవడం మొదలుపెట్టాను, ఈసారి సరైనవి. 1839లో డాగ్యురే ఫొటో పద్ధతి లోకానికి తెలిసిన కొత్తలో ఒక్క బొమ్మకు నిమిషాల తరబడి కదలకుండా ఉండాలి. మెరుగైన కటకాలు, రసాయనాలు వచ్చి ఆ సమయం సెకన్లలోకి దిగాక కూడా తల నిలపడం కష్టమే. స్టాండు అందుకోసం. మెడ వెనక తగిలీ తగలనట్టుండే చిన్న ఆసరా అది. ప్రాణంలేని ఒంటి బరువును మోయలేదు. అంటే అది కనిపించిందంటే ఆ మనిషి బతికున్నట్టు! నేను సరిగ్గా తలకిందులుగా చెప్పాను. కళ్ల సంగతీ అంతే. ఆనాటి ప్లేట్ల మీద నీలిరంగు తెల్లగా పడేది, నీలికళ్లు వెలవెలబోయేవి. కొన్ని ఫొటోల్లో పసిపిల్లల వెనక గుడ్డ కప్పుకుని కూర్చున్న ఆకారం ఉంటుంది. అది బిడ్డ కదలకుండా పట్టుకున్న తల్లి.

చనిపోయినవాళ్ల ఫొటోలు నిజంగానే ఉన్నాయి. బోస్టన్‌లో పేరున్న స్టూడియో నడిపిన ఆల్బర్ట్ సౌత్‌వర్త్ 1873లో తోటి ఫొటోగ్రాఫర్లకు ఆ పని ఎలా చేయాలో వివరించాడు: నిద్రపోతున్నట్టు పడుకోబెట్టాలి. 1885లో ఫ్రెంచి రచయిత విక్టర్ హ్యూగో పోయినప్పుడు ఫొటోగ్రాఫర్ నాదార్ తీసిన ఫొటోలోనూ ఆయన దిండుమీద తల వాల్చి పడుకునే ఉంటాడు. న్యూయార్క్ డాక్టరు స్టాన్లీ బర్న్స్ ఇలాంటివి సేకరించి 1990లో వేసిన పుస్తకానికి 'స్లీపింగ్ బ్యూటీ' అని పేరు పెట్టాడు. వీటిలో పిల్లలవి చాలా ఎక్కువ. ఊయలలో కొందరు, అమ్మ ఒళ్లో కొందరు. అప్పటిదాకా ఆ బిడ్డకు ఫొటో తీయించే అవసరం వచ్చి ఉండదు, డబ్బూ ఉండి ఉండదు. డాగ్యురే పద్ధతికి నెగెటివ్ లేదు. వెండిపూత వేసిన రాగిరేకు మీద ఒకే ఒక్క బొమ్మ. అది పోతే ఆ ముఖం మళ్లీ లేదు. ఆ రేకును గుండెకు హత్తుకున్న తల్లుల దుఃఖాన్ని నేను పిల్లలకు దెయ్యాల కథగా చెప్పాను. ఇప్పటికీ నన్ను తొలిచేది అదే.

ఇదంతా తెలిశాక అమ్మమ్మ పెట్టెలోని ఇంకో ఫొటో గుర్తొచ్చింది. పక్కమీద పడుకున్న పసివాడు, నుదుట దిష్టిచుక్క, మెడదాకా దుప్పటి. నిద్రపోతున్నాడులే అని దాన్ని పక్కన పెట్టేశాను. పెద్దమ్మను అడగడానికి నోరు రాలేదు. చివరికి అడిగాను.

"మా అన్న. నేను పుట్టకముందే పోయాడు. మనిషిని పంపి ఫొటో ఆయన్ని ఇంటికి పిలిపించారట. అమ్మ దాన్ని గోడకు పెట్టనివ్వలేదు. పట్టుచీరల మడతలో దాచుకుంది."

అమ్మమ్మ ఒళ్లో పెరిగినవాణ్ణి. ఆవిడకు ఇంకో కొడుకు ఉన్నాడని నాకు తెలియదు. బోస్టన్ బిడ్డలందరి ముఖాలూ గాలించిన కళ్లతోనే ఆ పసివాణ్ణి దాటుకుపోయాను.

ఆ కాలేజీకి మళ్లీ వెళ్లి, నేను చెప్పింది తప్పని చెప్పి వచ్చాను. ఇప్పుడు పెద్దమ్మ దగ్గర కూర్చుని ఒక్కో ఫొటో వెనక పెన్సిలుతో పేర్లు రాస్తున్నాను. ఆ పసివాడికి ఏం పేరు పెట్టారో ఆవిడకీ తెలియదు. అది అమ్మమ్మను అడగాల్సింది.