కదిలేదేదో చూడు

చందానగర్‌లో మెకానిక్ ఉస్తాద్‌ని ఆయన షెడ్డులోనే, నలుగురు గిరాకీల ముందు నిలబెట్టి, డూప్లికేట్ సరుకు వేశావన్నాను. ఈ మాట ముందే చెప్పకపోతే మిగతాదంతా ఉత్త కారు కథ అయిపోతుంది.

కారు మా నాన్నది. 1985 నాటి అంబాసిడర్, మార్క్ 4, 1489 సీసీ పెట్రోలు ఇంజను. ఆయన బీహెచ్ఈఎల్‌లో పనిచేసి రిటైరయ్యారు. 1998లో మాదాపూర్‌లో సైబర్ టవర్స్ తెరిచేనాటికే దానికి పదమూడేళ్ళు. 2014లో ఉత్తరపారాలో అంబాసిడర్ల తయారీ ఆగిపోయిందని పేపర్లో చదివిన రోజున నాన్న ఏమీ అనలేదు. సాయంత్రం బకెట్ తీసుకుని కిందికి వెళ్ళి కారు కడిగారు.

ఒక వేసవిలో అది మొరాయించడం మొదలుపెట్టింది. ఆగి ఉన్నప్పుడు ఇంజను నిలకడగా ఆడేది. నల్లగండ్ల ఫ్లైఓవర్ ఎక్కుతూ యాక్సిలరేటర్ నిండా తొక్కితే బాగానే లాగేది. దిగి చదును రోడ్డు మీదికి వచ్చి, కాలు తేలిక చేసి నింపాదిగా పోతుంటే మాత్రం ఎక్కిళ్ళు పెట్టి ఆగిపోయేది.

"ఆగినప్పుడు బాగుండి కదిలితే చస్తోందంటే, లోపల కదిలేదేదో చూడరా" అన్నారు నాన్న.

గచ్చిబౌలిలో నా ఉద్యోగమే సాఫ్ట్‌వేర్‌లో తప్పులు పట్టడం. ఒకసారికి ఒక్కటే మార్చి చూడాలని కొత్తగా చేరే పిల్లలకు చెప్పేది నేనే. అలాంటివాణ్ణి, ఎండకు పైపులో పెట్రోలు ఆవిరై అడ్డుపడుతోందని తీర్మానించుకున్నాను. పెట్రోలు చాలకపోతే ముందుగా ఆగాల్సింది ఎత్తు ఎక్కేటప్పుడు. ఇంజను ఎక్కువ తాగేది అప్పుడే. ఆ ఆలోచన రాలేదని అనను. వచ్చింది, పక్కకు నెట్టేశాను. పంపు మార్చాను, ఫిల్టర్ మార్చాను, కార్బురేటర్ విప్పి కడిగాను. అప్పటికీ కుదరకపోతే విదేశం నుంచి కొత్త ఇగ్నిషన్ కాయిల్ తెప్పించి బిగించాను.

అన్నిటికంటే పెద్ద తప్పు ఆ కాయిలే. కాయిల్‌తో రవ్వ పుట్టించే ఈ పద్ధతి 1910 ప్రాంతంలో చార్లెస్ కెటరింగ్ కాడిలాక్ కార్లకు పెట్టినది. బ్యాటరీ కరెంటు కాయిల్ గుండా డిస్ట్రిబ్యూటర్‌లోని పాయింట్లకు పారుతుంది. పాయింట్లు విడిపోయిన క్షణంలో కాయిల్ లోపల వేల వోల్టులు పుట్టి ప్లగ్గు దగ్గర నిప్పురవ్వ అవుతుంది. ఇంజను నిమిషానికి 3000 చుట్లు తిరిగితే సెకనుకు 100 రవ్వలు. పాయింట్లు తెరుచుకునే సందు మిల్లీమీటరులో మూడోవంతు పైచిలుకు, మంచి పెళ్ళికార్డు మందం. ఇంత పని చేసే ఆ చిన్న బొడిపెలు సుమారు నాలుగు ఆంపియర్ల కరెంటును ఓర్చుకోగలవు. మా కారుకు తగిన కాయిల్ నిరోధం మూడు ఓములు. నేను తెప్పించింది ఒకటిన్నర ఓములది, విడిగా బ్యాలస్ట్ రెసిస్టర్ ఉన్న కార్లకు చేసినది. కరెంటు రెట్టింపు.

ఆ కాయిల్‌తోనే ఉస్తాద్ దగ్గరికి తీసుకెళ్ళి పాయింట్లు కొత్తవి వేయించాను. "కాయిల్ కొత్తదా సార్, రెసిస్టర్ ఏది?" అని అడిగాడాయన. అక్కర్లేదన్నాను. రెండు వారాల్లో పాయింట్లు నల్లగా కాలిపోయాయి. అవి పట్టుకెళ్ళే నేను అరిచింది. "ఒక్కసారి కాయిల్ మీద చెయ్యి పెట్టి చూడండి సార్" అంటూనే ఉన్నాడు. వినలేదు. పాయింట్లు ఆయన బల్ల మీద విసిరేసి వచ్చాను.

ఆ తర్వాతి వారమే లింగంపల్లి స్టేషన్‌కు పోతుంటే కారు నడిరోడ్డు మీద ఆగింది. నేను స్టీరింగ్ పట్టుకున్నాను, నాన్న దిగి తోశారు. ఆయనకు డెబ్బై ఎనిమిదేళ్ళు. అద్దంలో ఆయన తల కనబడుతూనే ఉంది. ఆయన్ని కూర్చోబెట్టి నేను దిగాలని ఎందుకు తోచలేదో ఇప్పటికీ తెలియదు.

ఆదివారం పొద్దున ఆయనే కిందికి పిలిచారు. డిస్ట్రిబ్యూటర్ మూత తీయించి, పాయింట్లు మూసుకుని ఉండేలా ఇంజను తిప్పించారు. కాయిల్ వైరు ఊడదీసి, మల్టీమీటర్ ఒక ముల్లు డిస్ట్రిబ్యూటర్ టెర్మినల్‌కి, ఇంకోటి ఇంజనుకు ఆనించమన్నారు. మీటర్ కీచుమని మోగింది. అంటే దారి బాగానే ఉంది. అప్పుడాయన డిస్ట్రిబ్యూటర్‌కి వచ్చే వాక్యూమ్ పైపును కార్బురేటర్ వైపు నుంచి ఊడదీసి, కొస తుడిచి, నోట్లో పెట్టుకుని గట్టిగా పీల్చారు. డిస్ట్రిబ్యూటర్ లోపల పాయింట్లు కూర్చున్న పళ్ళెం కొద్దిగా పక్కకు తిరిగింది. మీటర్ మూగబోయింది. పైపు వదిలారు, మోగింది. మళ్ళీ పీల్చారు, ఆగింది.

కదిలేది అదే. కాలు తేలిగ్గా ఉండి కారు పరిగెత్తేటప్పుడు వాక్యూమ్ ఆ పళ్ళేన్ని లాగుతుంది. నిలబడినప్పుడు లాగదు, నిండా తొక్కినప్పుడూ లాగదు. టెర్మినల్ నుంచి పాయింట్లకు పోయే వేలెడంత మెత్తటి వైరు, పైతొడుగు చెక్కుచెదరకుండానే, లోపల పోగులు తెగి ఉంది. పళ్ళెం తిరిగినప్పుడల్లా ఆ పోగులు విడిపోయేవి. రెండు నెలలు నేను వెతికింది ఆ వైరు కోసం.

నాన్న నోరు కడుక్కుని, "ఆ మెకానిక్ దగ్గరికి వెళ్ళొచ్చావా?" అన్నారు. వైరు గురించి ఒక్క మాటా అనలేదు.

వెళ్ళాను. పాత కాయిల్ తిరిగి బిగించి, కొత్తది చేత్తో పట్టుకెళ్ళాను. తప్పు నాదేనని చెప్పాను. ఉస్తాద్ లోపలికి వెళ్ళి ఒక గ్రీజు డబ్బా మూత తెచ్చాడు. అందులో నేను విసిరేసిన పాయింట్లు, కాగితంలో చుట్టి ఉన్నాయి. "డూప్లికేట్ కావు సార్. ఎవరన్నా తెలిసినోళ్ళొస్తే చూపిద్దామని పెట్టిన" అన్నాడు.

కాయిల్ ఆయన చేతికిచ్చాను. దాన్ని వెలుతురు వైపు తిప్పి, చుట్టూ అంటించిన ఇంగ్లీషు అక్షరాల మీద బొటనవేలు ఆనించి మళ్ళీ నాకే ఇచ్చాడు.

"నాకు సదువు రాదు సార్. ఏం రాసుందో మీరే సదవండి."

బ్యాలస్ట్ రెసిస్టర్ లేకుండా వాడరాదని ఉంది. ఆయనకు వినబడేలా చదివాను.