మౌజర్‌గా పుట్టి, ఆక్లీగా మారి

తూటాకు ఉండే ఇత్తడి తొడుగును నేను. నాలో 70 పాళ్ళు రాగి, 30 పాళ్ళు జింకు. జర్మనీలో 1892లో మొదలైన 7×57 మౌజర్ వంశం మాది. ఇప్పుడు కొలరాడోలో ఒక గన్‌స్మిత్ బల్ల మీద ఉన్నాను. నా అడుగున ముద్ర ఇంకా 7×57 అనే ఉంది గానీ, ఆ తుపాకిలో నన్నిక పెట్టలేరు. బజారులో దొరకకుండా ఇలా ఇళ్ళల్లో, చిన్న దుకాణాల్లో రూపు మార్చుకునే తూటాలను వేటగాళ్ళు వైల్డ్‌క్యాట్లంటారు.

మౌజర్ తొడుగు మెడ నొక్కి .257 అంగుళాల గుండు పట్టేలా చేసినవాడు నెడ్ రాబర్ట్స్. 1934లో రెమింగ్టన్ ఆ ఆలోచననే .257 రాబర్ట్స్‌గా అమ్మకానికి పెట్టింది. తర్వాత పి.ఓ. ఆక్లీ అనే గన్‌స్మిత్ నా నడుము ఏటవాలు తగ్గించి, భుజాన్ని 40 డిగ్రీలకు నిలబెట్టాడు. మందు కాస్త ఎక్కువ పడుతుంది. అంతకన్నా నాకు నచ్చింది, ఇత్తడి మెడవైపు తొందరగా సాగిపోకపోవడం.

మా గన్‌స్మిత్ పాత మౌజర్ 98 యాక్షన్‌కు కొత్త బ్యారెల్ బిగించి, నేను కూర్చునే గూడును, అంటే ఛాంబర్‌ను, రీమర్‌తో తొలిచాడు. కాస్త తొలవడం, గేజ్ పెట్టి చూడడం, మళ్ళీ తొలవడం. వెంట్రుకవాసి లోతు ఎక్కువైనా పేలినప్పుడు నేను సాగి తెగిపోతాను.

ఆ తర్వాత నా వంతు. మెడ నొక్కే మూసను డై అంటారు. అందులోకి నెట్టేముందు నాకు మైనం రాయాలి. అది ఎక్కువైతే భుజం మీద సొట్ట పడుతుంది, తక్కువైతే డైలోనే ఇరుక్కుపోతాను. అతను వేలితో పలచగా రాసి, భుజం మీద మిగిలింది తుడిచి, నన్ను డైలోకి నెట్టాడు. మెడ సన్నబడింది. ప్రైమర్, మందు, గుండు పెట్టి ఛాంబర్‌లోకి తోస్తే బోల్టు చివర్లో కాస్త మొరాయించింది. ఆ బిగువే కావాలి. పేలగానే నా నడుము పొంగింది, భుజం ముందుకు తన్నుకుపోయి ఛాంబర్ మూలల్ని నింపింది. మరుక్షణం రవ్వంత వెనక్కి తగ్గాను. ఇత్తడికి ఆ గుణమే లేకపోతే బోల్టు తెరుచుకునేదే కాదు.

ఇంత సాగాక ఇత్తడి బిరుసెక్కుతుంది. బిందె సాగగొట్టే కంచరి మధ్యమధ్య దాన్ని కొలిమిలో పెట్టినట్టు, అతను నా మెడను మంటలో తిప్పుతాడు. మెడ, భుజం వరకే. అడుగు మెత్తబడితే ఒత్తిడికి ఆగదు, పేల్చేవాడి ముఖానికే ముప్పు. ఇత్తడిలో పేరుకున్న బిగువు తియ్యకపోతే ఏమవుతుందో బ్రిటిష్ వాళ్ళకు మీ దేశంలోనే తెలిసింది. వానాకాలంలో గుర్రపుశాలల్లో దాచిన తూటాల ఇత్తడి తొడుగులు అక్కడి అమోనియా సోకి వాటంతట అవే పగిలిపోయేవి.

ఆక్లీ చేసిన మార్పు అన్ని తొడుగులకూ కలిసిరాదు. .30-06 లాంటి, ముందే ఏటవాలు తక్కువున్న తొడుగును ఇలా మార్చినా పెరిగే వేగం స్వల్పమే. ఆ కాస్త వేగం కోసం మందు కూరేవాళ్ళంటే నాకు కోపం. ప్రైమర్ గూడు వదులైపోయి, మంచి ఇత్తడి ఒక్క పేలుడుతో తుక్కవుతుంది.

మా వాడు ప్రతిసారీ వంచిన సన్న తీగను నాలోకి దించి, అడుగుకు కొద్దిగా పైన గోడను తడుముతాడు. గాడి తగిలితే లోపల పలచబడ్డట్టే, ఇక పారెయ్యాల్సిందే. నిన్న తడిమాడు, ఏమీ తగల్లేదు. అక్టోబరులో మ్యూల్ డీర్ అనే జింకల వేటకు తీసుకెళ్ళే డబ్బాలో పెట్టాడు.